బీరు సీసా అడుగుతో బాణపు ములికి: ప్రతిసారీ సగంలో విరిగిపోతోంది, తప్పు ఎక్కడ?

రాగితీగ (మర్రిపాలెం)
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. విశాఖలో షీలానగర్ వైపు ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో వెల్డింగ్ పని చేస్తాను. మూడు నెలలుగా సీసా గాజుతో బాణపు ములికి చెక్కాలని కూర్చుంటున్నాను. పదకొండు సీసాలు తుక్కయ్యాయి, ఒక్క ములికీ పూర్తి కాలేదు.

ఎందుకు పట్టుకున్నానో చెబుతాను. సంక్రాంతి సెలవుల్లో మా పాపను ఎర్రమట్టి దిబ్బలకి తీసుకెళ్లాను. ఇక్కడ పూర్వకాలపు మనుషులు చేసుకున్న గోరంత రాతి పనిముట్లు దొరికాయట అని చెప్పాను. "ఇనుము లేకుండా రాయిని అంత సన్నగా ఎలా చెక్కారు నాన్నా?" అని అడిగింది. ఇరవై ఏళ్లుగా ఇనుము కోస్తున్నవాణ్ణి, జవాబు దొరకలేదు. ఇంటికొచ్చాక వీడియోలు చూస్తే, రాయి లేనివాళ్లు సీసా అడుగుతో నేర్చుకుంటారని తెలిసింది.

నేను చేసేది ఇదీ. కిరసనాయిల్లో తడిపిన నూలు దారం సీసా అడుగుకి కొంచెం పైన చుట్టి, వెలిగించి, చన్నీళ్లలో ముంచుతాను. అడుగు ఊడొస్తుంది. ఎర్తింగ్‌కి వాడే ఎనిమిదో నంబరు రాగి తీగ ముక్కని కర్ర పిడిలో దిగ్గొట్టి, మొన ఆకురాయితో సాన పట్టాను. మొన గట్టిపడాలని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాను కూడా. అరచేతిలో పాత జీన్స్ గుడ్డ మడత పెట్టి, దాని మీద గాజు ఉంచి, అంచు మీద నొక్కుతాను. చుట్టూ చిన్న చిన్న పెచ్చులు లేస్తాయి. బాగానే వస్తోంది అనుకునేసరికి 'టక్' మని రెండు ముక్కలవుతుంది. ప్రతిసారీ నడిమికే.

బలం ఎక్కువవుతోందా? తక్కువవుతోందా?

కంచరపాలెం సీసాలు
శనివారం, రాత్రి 9:40

బావూ, నాను సీసాల యాపారం ముప్పై ఏళ్ల నించి సేత్తన్నాను. చెక్కుడు సంగతి నాకు తెలీదు గానీ సీసా సంగతి సెప్తాను. నువ్వు అట్టుకున్నది కొత్త సీసావో పాత సీసావో రాయలేదు. తిరిగి తిరిగి నింపిన బీరు సీసా అయితే అడుగున తెల్లగా గీకుడు చుట్టు ఉంటాది సూడు. పెట్టెల్లో, లారీల్లో ఒరుసుకుని ఒరుసుకుని అలాగయిపోద్ది. కొత్త సీసా అడుగు నీళ్లలోంచి తీసినట్టు మెరుత్తాది. మెరిసేదే తీసుకో.

డ్యూటీనర్సు
శనివారం, రాత్రి 10:05

రాగితీగ గారూ, ఒకటే ప్రశ్న. కళ్లకి ఏం పెట్టుకుంటున్నారు? చేతులకి?

రాగితీగ (మర్రిపాలెం)
శనివారం, రాత్రి 10:11

గ్రైండింగ్ చేసేటప్పుడు పెట్టుకునే తెల్ల కళ్లద్దాలు పెట్టుకుంటాను మేడం. గ్లవ్స్ పెట్టుకుంటే చేతికి తెలియడం లేదని తీసేశాను.

సీసాలు మా వీధి చివర పాత సామాన్ల కొట్టులోవి. అన్నిటికీ తెల్ల చుట్టు ఉంది అన్నా. ఇప్పుడే చూశాను.

చెకుముకి (భీమిలి)
ఆదివారం, ఉదయం 6:30

తమ్ముడూ, విరిగిన ముక్కలు పారేయలేదు కదా? రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి, విరిగిన ముఖం మీద వెలుతురు ఏటవాలుగా పడేలా ఫొటో తీసి పెట్టు. గాజు ఎందుకు విరిగిందో గాజు మీదే రాసి ఉంటుంది.

రాగితీగ (మర్రిపాలెం)
ఆదివారం, ఉదయం 8:02

పెట్టాను అన్నా. మూడు జతలు. మూడింటిలోనూ విరిగిన ముఖం నున్నగా, అడ్డంగా, ఇంచుమించు తిన్నగా ఉంది. ఒక పక్క అంచు మాత్రం కొంచెం పెదవిలా వంగింది.

చెకుముకి (భీమిలి)
ఆదివారం, ఉదయం 10:45

చూశాను. పొద్దున్నుంచి దీని గురించే ఆలోచిస్తున్నాను, అందుకే పొడుగ్గా రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

నువ్వు నొక్కిన చోట పగులు పుట్టి అది నడిమికి పాకితే, నొక్కిన చోట చిన్న ఉబ్బు ఉంటుంది. అక్కడి నుంచి ఆల్చిప్ప మీది గీతల్లాగా వలయాలు వస్తాయి. నీ ముక్కల్లో నొక్కిన చోట అదేమీ లేదు. పెదవి ఉంది. అంటే నువ్వు నొక్కి విరగ్గొట్టలేదు, వంచి విరగ్గొట్టావు. చెరకు గడని మోకాలికి ఆనించి రెండు చేతులా వంచితే ఎలా విరుగుతుందో అలా.

ఎందుకు వంగింది? సీసా అడుగు పలక కాదు, గొడుగు. లోపలి వైపు ఉబ్బుగా, బయటి వైపు గుంటగా ఉంటుంది. గుంట ముఖం అరచేతి వైపు పెట్టావనుకో, రెండు కొసలే గుడ్డకి ఆనతాయి, నడుమ కింద ఖాళీ. పైన నువ్వు బలం వేశావు. గాజు అణిచితే చాలా ఓర్చుకుంటుంది, సాగదీస్తే అస్సలు ఓర్చుకోదు. వంచితే కింది ముఖం సాగుతుంది. దానికి తోడు నీ సీసాల అడుగున గీకుళ్లు ఉన్నాయి. కంచరపాలెం అన్న చెప్పింది సరైన మాట. గీకుడు ప్రతిదీ ఒక చిన్న పగులు, సాగిన వెంటనే అక్కడే నోరు తెరుస్తుంది.

కాబట్టి మొదటి మార్పు ఆనిక. జీన్స్ గుడ్డ మానెయ్. లారీ ట్యూబు ముక్క గానీ, చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర దొరికే మందపాటి తోలు గానీ రెండు మూడు పొరలు తీసుకో. మధ్యలో బొటనవేలంత వెడల్పు గాడి కోసుకో. గాజు మొత్తం తోలుకి ఆనాలి, పెచ్చు లేచే చోటు మాత్రం గాడి మీద ఉండాలి. పెచ్చుకి దిగడానికి చోటుండాలి, గాజుకి వంగడానికి చోటుండకూడదు.

రెండో సంగతి, రాగి. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచానన్నావు. ఇనుము పనివాడి చెయ్యి కాబట్టి అలా చేశావు. ఉక్కు అలా గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. కాల్చిన రాగి గాజు అంచు మీద జారి నలుగుతుంది. అది జారుతోందని నువ్వు ఇంకా బలం వేస్తున్నావు. కొత్త తీగ ముక్క తీసుకుని, కాల్చకుండా, చల్లగానే దాగలి మీద పెట్టి మొనని సుత్తితో నాలుగు వైపులా తట్టు. దెబ్బ తిన్నకొద్దీ రాగి గట్టిపడుతుంది. ఆ తర్వాతే ఆకురాయి.

మూడోది అసలు సంగతి. నీ పోస్టులో అంచు నూరడం గురించి ఒక్క మాట లేదు. పెచ్చు లేచిన తర్వాత గాజు అంచు బ్లేడులా ఉంటుంది. బ్లేడు మీద బలం వేస్తే బ్లేడే పొడి అవుతుంది, బలం లోపలికి పోదు. ప్రతి వరస పెచ్చులకీ ముందు అంచుని సానరాయి ముక్కతో మొద్దు చెయ్యాలి. వేలు పెట్టి రాసినా తెగనంత మొద్దు. మీ షెడ్డులో అరిగిపోయిన గ్రైండింగ్ చక్రం ముక్కలు బోలెడు ఉంటాయి, అవి చాలు. నేను మొత్తం పనిలో సగం సేపు నూరుతూనే ఉంటాను. నేర్చుకునేవాళ్లు అందరూ నొక్కడమే పని అనుకుంటారు. నూరడమే పని, నొక్కడం దాని ఫలితం.

బలం ఎక్కువా తక్కువా అని అడిగావు కదా. అంచు సిద్ధంగా ఉంటే నీ బలం సరిపోతుంది. అంచు సిద్ధంగా లేకపోతే ఎంత బలమైనా చాలదు.

రాగితీగ (మర్రిపాలెం)
ఆదివారం, ఉదయం 11:20

అన్నా, రాగి మెత్తబడుతుందని నాకు తెలియకపోవడం మనసుకి కష్టంగా ఉంది. రోజూ లోహంతోనే ఉంటాను. ఈ రోజే కొత్త మొన చేస్తాను.

అంచు నూరాక మొన ఎక్కడ ఆనించాలి? పై ముఖం వైపా, కింది వైపా?

చెకుముకి (భీమిలి)
ఆదివారం, మధ్యాహ్నం 12:15

పెచ్చు ఎప్పుడూ అరచేతి వైపు ముఖం నుంచి లేస్తుంది. నీకు కనబడని ముఖం. కాబట్టి అంచు ఆ ముఖానికి దగ్గరగా ఉండాలి. ముక్కని పక్క నుంచి చూస్తూ మందానికి సరిగ్గా మధ్యలో ఒక గీత ఊహించుకో. నువ్వు నొక్కే అంచు ఆ గీతకి కింద ఉంటే పెచ్చు పొడుగ్గా పోతుంది. గీత మీద ఉంటే పొట్టిగా ఆగుతుంది. గీతకి పైన ఉంటే అంచు నలిగి, మెట్టులా విరిగి, ఆ మెట్టు దగ్గరే తర్వాతి పెచ్చులన్నీ ఆగిపోతాయి.

సీసా అడుగు చుట్టూ మొదట నలుచదరపు అంచు ఉంటుంది. దాన్ని ముందు వదిలించుకో. పై నుంచి ఒక పెచ్చు, తిప్పి కింది నుంచి దాని పక్కనే ఇంకో పెచ్చు, మళ్లీ తిప్పి ఇంకోటి. అలా చుట్టూ వెళితే అంచు కొడవలి పళ్లలా వంకరటింకరగా వస్తుంది. అప్పుడు నూరు. ఆ తర్వాతే అసలు పెచ్చులు.

నొక్కేటప్పుడు ముందు లోపలికి. మొన గాజు నడిమికి దిగుతున్నట్టు బలం పెంచుకుంటూ పో. ఆ బలం వదలకుండా చిటికెడు కిందికి. 'టిక్' మంటుంది. కిందికి ముందు నొక్కావంటే అంచు ఊడుతుంది, అంతే. మణికట్టుతో నొక్కకు. ముక్క పట్టుకున్న చేతిని తొడ లోపలి వైపు ఆనించి, మోకాళ్లు దగ్గరికి తెస్తూ బలం తీసుకో. మణికట్టుతో చేసినవాళ్లు ఏడాదికే నొప్పితో మానేస్తారు.

ఇంకొక్క మాట. కిరసనాయిల్ దారం మానుకుంటే మంచిది. నిప్పు ప్రమాదం అటుంచి, ఆ వేడికీ చలువకీ అడుగు అంచు పొడవునా కంటికి కనబడని పగుళ్లు పడతాయి. సీసాకి తడి గోనె చుట్టి, లోపలికి ఇనుప కమ్మీ దింపి, అడుగు మధ్యలో కొంచెం కొంచెంగా తట్టు. అడుగు మొత్తంగా ఊడిపోతుంది. పాతవి ఉంటే అంచు చుట్టూ సెంటీమీటరు తీసేసి వాడుకో.

డ్యూటీనర్సు
ఆదివారం, మధ్యాహ్నం 1:30

చెప్పాల్సినవి చెబుతాను, దయచేసి ఎవరూ దాటేసి పోకండి.

ముక్క పట్టుకున్న చేతికి తోలు గ్లవ్ ఉండాలి. నొక్కే చేతికి లేకపోయినా పర్వాలేదేమో గానీ, పట్టుకున్న చేతి అరచెయ్యి తెగితే వేలు వంచే నరాలు, స్నాయువులు అక్కడే ఉంటాయి. తెగిన తర్వాత ఏ వేలైనా వంచలేకపోయినా, వేలి చివర స్పర్శ లేకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రేపు చూద్దాం అనుకోకూడదు. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా ఒత్తి పట్టుకోండి. లోతుగా దిగిన గాజు ముక్కని ఇంట్లో లాగకండి. గాజు ఎక్స్‌రేలో కనబడదని చాలామంది అనుకుంటారు. మామూలుగా కనబడుతుంది. అనుమానం ఉంటే తీయించుకోండి. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే అది కూడా అడగండి.

కళ్లద్దాలు పక్కలు మూసి ఉన్నవి కావాలి. చెప్పులు కాదు, బూట్లు. ఒళ్లో మందపాటి పట్టా. పని అయ్యాక చేతులు దులుపుకుని కన్ను నలుపుకోవద్దు, ముందు కుళాయి కింద కడుక్కోండి.

ఇంట్లో పాప ఉందన్నారు. ఆ పాప మీ పక్కన కూర్చుని చూస్తుంటే పాపకీ కళ్లద్దాలు ఉండాలి.

ఎండాడ_నివాసి
ఆదివారం, మధ్యాహ్నం 2:10

దుమ్ము సంగతి? రాయి కొట్టేవాళ్లకి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది కదా. గాజు కూడా ఇసుకతో చేసిందే.

చెకుముకి (భీమిలి)
ఆదివారం, సాయంత్రం 4:00

మంచి ప్రశ్న. సీసా గాజులో డెబ్బై శాతానికి పైగా సిలికానే. కానీ కరిగి చల్లారిన గాజులో అది స్ఫటికంగా ఉండదు. పలుగురాయి, అగేట్ (పూసలు చేసే చారల రాయి), చెకుముకి దుమ్ములో ఉండేది స్ఫటిక సిలికా, సిలికోసిస్ తెచ్చేది అది. గుజరాత్‌లో ఖంబాత్ అగేట్ పనివాళ్లలో ఆ జబ్బు ఎంతోమందికి వచ్చింది. అంతమాత్రాన గాజు దుమ్ము మంచిదని కాదు. గొంతునీ కంటినీ గీరుతుంది. నూరేటప్పుడు మాస్కు పెట్టుకుంటాను, సానరాయిని తడిపి నూరుతాను. ఆరుబయట, గాలికి అడ్డంగా కూర్చుంటాను. మనకి మధ్యాహ్నం సముద్రం నుంచి గాలి వస్తుంది కాబట్టి దుమ్ము మొహం మీదికి రాకుండా చూసుకోవడం సులువు.

ఖంబాత్ పేరు వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. అక్కడివాళ్లు మొనదేలిన ఇనుప కమ్మీని నేలలో పాతి, రాయిని ఆ మొనకి ఆనించి, రెండో వైపు నుంచి గేదె కొమ్ము తల ఉన్న సుత్తితో తడతారు. పెచ్చు కమ్మీ వైపు నుంచి లేస్తుంది. చెయ్యి కదలదు, రాయి కదులుతుంది. పూసలు చెక్కే ఈ పద్ధతి ఇప్పటికీ బతికుంది.

విదేశీ వీడియోల్లో జింక కొమ్ము వాడతారు. మీరు దాని జోలికి పోవద్దు. అడవిలో రాలిన కొమ్ము అయినా సరే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దగ్గర పెట్టుకోవడం నేరం. రాగి, గేదె కొమ్ము మనకి చాలు.

ఎండాడ_నివాసి
ఆదివారం, సాయంత్రం 4:25

చుట్టూ ఇన్ని కొండలుండగా సీసాలెందుకు? కైలాసగిరి రాయి చెక్కకూడదా?

తొట్లకొండ గాలి
ఆదివారం, రాత్రి 8:50

నేను పురావస్తు శాస్త్రం చదువుకుంటున్నాను, కాబట్టి దీనికి నేను జవాబు చెబుతాను.

మన కొండలది ఖొండలైట్. ఖోండు ప్రజల పేరు మీద ఆ రాతికి ఆ పేరు. గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలు గింజలు గింజలుగా, పొరలు పొరలుగా ఉంటుంది. పగులు ఆ గింజల మధ్య దారి వెతుక్కుంటూ పోతుంది తప్ప మనం తోసిన వైపు పోదు. గుడికి, గోడకి పనికొస్తుంది గానీ పెచ్చుకి పనికిరాదు. ఇక్కడి పూర్వులు సూక్ష్మ పనిముట్లకి పలుగురాయి, చెర్ట్ (చెకుముకి జాతి రాయి) లాంటివి ఏరుకున్నారు. పలుగురాయి చెక్కడం చాలా కష్టం. అందులో అంత చిన్న పనిముట్లు చేశారంటే ఆ చేతుల మీద నాకు ఎంతో గౌరవం. గోదావరి, కృష్ణ గులకల్లో అగేట్ దొరుకుతుంది, దక్కన్ లావా రాళ్ల నుంచి నది మోసుకొచ్చినది.

గాజు కొత్త పద్ధతి అనుకోకండి. అండమాన్ ఆదివాసులు సముద్రం మీద వచ్చిన సీసాలని, వలసవాళ్లు పారేసిన సీసాలని పెచ్చులు కొట్టి, ఆ పెచ్చులతో గుండు గీసుకునేవారు, ఒంటి మీద గాట్లు పెట్టుకునేవారు. మన రేవు నుంచి ఓడ ఎక్కి వెళ్లే దీవులే అవి. ఆస్ట్రేలియా వాయవ్యంలో కింబర్లీ ప్రాంతపు మూలవాసులు సీసా గాజుతో, టెలిగ్రాఫ్ స్తంభాల పింగాణీ ఇన్సులేటర్లతో కూడా రంపపు పళ్ల అంచున్న మొనలు చెక్కారు. వాటి సన్నదనం ఫొటోలో చూసినా నమ్మశక్యం కాదు.

ఇషి కథ కూడా చెప్పాలి. కాలిఫోర్నియాలో యాహీ అనే చిన్న జాతిని వలసవాళ్లు వేటాడి చంపారు. చివరికి మిగిలిన ఒక్క మనిషి 1911 ఆగస్టులో ఓరోవిల్ అనే ఊరి దగ్గర ఆకలితో బయటికి వచ్చాడు. అతను తన పేరు చెప్పలేదు. తన పేరు తాను చెప్పుకోవడం వాళ్ల ఆచారం కాదు, ఆ పేరు పలికే తనవాళ్లు ఎవరూ మిగల్లేదు. 'ఇషి' అంటే వాళ్ల భాషలో మనిషి, అంతే. శాన్‌ఫ్రాన్సిస్కోలో విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉండి, చూడవచ్చినవాళ్ల ముందు సీసా గాజుతో ములుకులు చెక్కేవాడు. 1916 మార్చిలో క్షయతో చనిపోయాడు. ఈ రోజు ప్రపంచంలో గాజు చెక్కేవాళ్లలో అతని పద్ధతి నుంచి నేర్చుకున్నవాళ్లు ఎంతోమంది. చెక్కే ముందు ఆయన్ని ఒకసారి తలుచుకోవాలని నాకు అనిపిస్తుంది.

ఇక ఒక విన్నపం. ఎర్రమట్టి దిబ్బల దగ్గర గానీ, మరే పాత స్థలంలో గానీ కూర్చుని చెక్కకండి. మీ పెచ్చులు అక్కడ పడితే రేపు తవ్వేవాళ్లకి అబద్ధం చెబుతాయి. గాజైతే తెలిసిపోతుంది. పలుగురాయైతే తెలియదు. అక్కడ కనబడినవి ఏరి ఇంటికి తేకండి కూడా. రాతి ముక్క ఎక్కడ, ఏ పొరలో పడి ఉందో అదే దాని విలువ. జేబులో వేసుకున్నాక అది ఉత్త రాయి. మీరు చేసిన ప్రతి ములికి మీద సంవత్సరం గీయండి.

పాడేరు_కొండ
సోమవారం, ఉదయం 7:15

మా తాత విల్లు ఇప్పటికీ ఇంట్లో ఉంది. మా వైపు బాణం మొన ఇనుముదే. ఊరి కమ్మరి కొలిమిలో కాల్చి సాగగొట్టి ఇస్తాడు. ఇటుకల పండుగ రోజుల్లో విల్లంబులు బయటికి తీస్తారు. గాజు మొన మా దగ్గర నేనెప్పుడూ చూడలేదు.

ఒక్కటి అడుగుతాను. కొందరు ఇలాంటి గాజు ముక్కలకి దారం కట్టి 'అరకు గిరిజన బాణం' అని అమ్ముతున్నారు. అది మాది కాదు. మీరు చేసింది మీరు చేసినట్టు చెప్పుకోండి. సీసా గాజు, మర్రిపాలెం అని రాయండి. అందులో తక్కువేమీ లేదు.

రాగితీగ (మర్రిపాలెం)
సోమవారం, రాత్రి 9:30

తప్పకుండా అన్నా. నాది అమ్మకానికి కాదు. అయినా పేరు అలాగే రాస్తాను.

బీచ్ నడక
సోమవారం, రాత్రి 10:20

రోజూ తెల్లవారుజామున చెప్పుల్లేకుండా ఇసుకలో నడుస్తాను. నాలాంటివాళ్లు వందల మంది. కిందటి నెల ఒక పెద్దాయన పాదంలో సన్నటి గాజు రేకు దిగింది. విరిగిన సీసా ముక్క కాదు, చేప పొలుసు లాంటిది. ఈ చర్చ చదివాక అది ఏమిటో అర్థమైంది. మీరంతా చెక్కిన తుక్కు ఎక్కడ పోస్తున్నారు?

రాగితీగ (మర్రిపాలెం)
సోమవారం, రాత్రి 11:05

సమాధానం రాయడానికి కాసేపు పట్టింది. మొదటి రెండుసార్లు నేను బీచ్ రాళ్ల దగ్గరే కూర్చున్నాను. ఇంట్లో తుక్కు అవుతుందని. పెద్ద ముక్కలు ఏరాను, సన్నవి ఏరలేదు. ఆ పెద్దాయనకి తగిలింది నాదో కాదో తెలియదు, నాది అయ్యుండొచ్చు. క్షమించండి. రేపు షెడ్డు నుంచి జల్లెడ తీసుకుని వెళ్తాను.

బీచ్ నడక
మంగళవారం, ఉదయం 5:10

ఎక్కడో చెప్పండి. నేనూ వస్తాను.

రాగితీగ (మర్రిపాలెం)
మంగళవారం, రాత్రి 8:40

ఆయన వచ్చారు. ఇద్దరం రెండు గంటలు జల్లించాం. డాల్డా డబ్బాలో సగానికి పైగా వచ్చింది, అన్నీ గోధుమరంగువే. నావే. మిగతావాళ్లెవరైనా ఇసుకలో కూర్చునే ఆలోచన ఉంటే మానుకోండి. టార్పాలిన్ మీద కూర్చున్నా సరే, రేకులు మీటరున్నర దూరం ఎగురుతాయి. ఇప్పుడు డాబా మీద, మూడు వైపులా పాత చీర కట్టి, కింద టార్పాలిన్ వేసి చేస్తున్నాను. తుక్కంతా మూత ఉన్న డబ్బాలో వేసి, నిండాక కంచరపాలెం అన్నకి ఇస్తాను, తీసుకుంటే.

కంచరపాలెం సీసాలు
మంగళవారం, రాత్రి 9:15

తే బావూ. పెంకుల్లో కలిపీస్తాను. అంతా మళ్లీ కొలిమికే పోతాది. రంగులు మాత్తరం కలపకు, గోధుమది వేరు, పచ్చది వేరు, తెల్లది వేరు.

కొందరు పాత డబ్బా టీవీ గాజు అడుగుతన్నారు, మందంగా ఉంటాది అని. ఇయ్యొచ్చా?

చెకుముకి (భీమిలి)
మంగళవారం, రాత్రి 9:50

వద్దన్నా. ఆ టీవీల బొమ్మ గొట్టం వెనక భాగం గాజులో సీసం చాలా ఉంటుంది. నూరితే ఆ సీసమే దుమ్ములో కలుస్తుంది. (తెలుగులో సీసా, సీసం పక్కపక్కన ఉన్నాయని పొరబడకండి, ఇది విషపు సీసం.) కారు పక్క అద్దాలు కూడా పనికిరావు, తాకగానే గింజలవుతాయి. కిటికీ అద్దం మామూలుదైతే పర్వాలేదు. సముద్రం అరగదీసిన గాజు ముక్కలు చూడ్డానికి అందంగా ఉంటాయి గానీ వాటి మీదంతా సన్న పగుళ్లే.

కంచరపాలెం సీసాలు
మంగళవారం, రాత్రి 10:02

అయితే గోలీసోడా సీసా? ఇరిగినవి రెండు మూడు ఉన్నాయి నా కాడ. దాని గాజు బీరు సీసాకి రెండింతలు మందం.

చెకుముకి (భీమిలి)
మంగళవారం, రాత్రి 10:06

అబ్బ! అది దొరికితే వదలకూడదు. విరిగినవే, బాగున్నవి మాత్రం పగలగొట్టొద్దు.

రాగితీగ (మర్రిపాలెం)
తర్వాతి ఆదివారం, సాయంత్రం 5:45

వచ్చింది.

కొత్త సీసా అడుగు, గీకుడు లేనిది. లారీ ట్యూబు మూడు పొరలు, మధ్యలో గాడి. రాగి మొన చల్లగా కొట్టి చేశాను. నిజంగానే జారడం లేదు, గాజుని కరిచి పట్టుకుంటోంది. ప్రతి వరసకీ ముందు నూరాను. నూరుతూ నూరుతూ విసుగొచ్చి రెండుసార్లు లేచి వెళ్లిపోయాను, మళ్లీ వచ్చి నూరాను. మూడో వరసలో ఒక పెచ్చు అంచు నుంచి నడుమ దాటి పోయింది. ఆ 'టిక్' శబ్దం ఇంతవరకూ విన్నవాటిలా లేదు. మా పాప పక్కనే ఉంది, కళ్లద్దాలతో. "నాన్నా, అది గోరులా ఊడింది" అంది. ఆ పెచ్చు వెలుతురులో పెట్టి చూస్తే అన్న చెప్పిన వలయాలు, ఆల్చిప్ప గీతల్లాగే.

పొడవు 38 మి.మీ., వెడల్పు 21, మందం అయిదున్నర. మందం ఇంకా ఎక్కువే, తెలుసు. బయటి ముఖం గుంట పూర్తిగా పోలేదు. సీసా అచ్చు నంబరు '7' నడుమ మిగిలిపోయింది. పోగొట్టబుద్ధి కాలేదు.

చివర్లో దారం కట్టడానికి పక్క గాడులు తీస్తుంటే ఒక చెవి (గాడి పక్కన మిగిలే ముక్క) ఊడిపోయింది. ఎడమ గాడి బాగానే వచ్చింది, కుడిది లోతుకి వెళ్లాక ఒక్కసారిగా పోయింది. అక్కడేం చెయ్యాలి?

తొట్లకొండ గాలి
ఆదివారం, సాయంత్రం 6:10

ఆ '7' ఉంచినందుకు చాలా సంతోషం. వందేళ్ల తర్వాత ఎవరికైనా దొరికితే అది ఏ కాలపు గాజో ఆ అంకె చెబుతుంది. సంవత్సరం గీశారా?

రాగితీగ (మర్రిపాలెం)
ఆదివారం, సాయంత్రం 6:18

పాప గీసింది, షెడ్డులో లోహం మీద రాసే మొనతో. సంవత్సరం, కింద 'మర్రిపాలెం, సీసా'.

చెకుముకి (భీమిలి)
ఆదివారం, రాత్రి 7:30

పన్నెండో సీసాకి 38 మిల్లీమీటర్లు! నాకు నలభై దాటాయి తమ్ముడూ మొదటిది నిలబడడానికి.

గాడికి వేరే పనిముట్టు కావాలి. సన్నటి రాగి మేకుని పలకలా చదును చేసి పిడిలో పెట్టు. ఒక ముఖం నుంచి ఒక చిన్న చంద్రవంక పెచ్చు తియ్, తిప్పు, అదే చోట రెండో ముఖం నుంచి ఇంకోటి. ఒకే వైపు నుంచి రెండు వరసగా తీయకు. గాడి లోపలి అంచు కూడా నూరాలి, అక్కడ సానరాయి దూరదు కాబట్టి మేకు పక్కతోనే రుద్దు. లోతుకి వెళ్లేకొద్దీ మొన గాడి గోడలకి తగలకూడదు. నీ చెవి పోయింది అందుకే అయ్యుంటుంది. మేకు లావు, గోడని పక్కకి తోసింది. రెండు గాడులూ కొంచెం కొంచెంగా సమంగా దింపు, ఒకటి పూర్తి చేసి రెండోది మొదలుపెట్టకు.

చెవి పోయినదాన్ని పారేయకు. మిగిలిన చెవి కూడా తీసేసి, అడుగు గుండ్రంగా చేస్తే ఆకు ఆకారపు ములికి అవుతుంది.

డ్యూటీనర్సు
ఆదివారం, రాత్రి 8:00

ఫొటోలో ఎడమ చేతికి గ్లవ్ కనబడింది. పాప కళ్లద్దాలు కూడా. ధన్యవాదాలు.

కంచరపాలెం సీసాలు
ఆదివారం, రాత్రి 8:35

బావూ, గోలీసోడా అడుగులు రెండు గోనెలో సుట్టి పక్కనెట్టాను. ఒకటి పచ్చది, ఒకటి నీలం ఛాయ. డబ్బులొద్దు, నువ్వు తెచ్చే తుక్కుకి సరి. బుధవారం కొట్టు మూత, మంగళారం లోపు రా. పాపని కూడా తీసుకురా, ఏ రంగు ముందు సెక్కాలో అదే సెప్తాది.